నిర్బంధం ఎవరిపై? హైదరాబాదు ప్రాంతంలో సార్వత్రిక ప్రాథమిక విద్య: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

2009లో భారత పార్లమెంటు ఆమోదించిన చట్టానికి తెలుగులో స్థిరపడిన పేరు ‘బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం’. ఈ పేరులో ‘నిర్బంధం’, ‘హక్కు’ అనే రెండు మాటలు పక్కపక్కనే నిలిచాయి. హక్కు ఉన్న చోట నిర్బంధం ఎందుకు? నిర్బంధం ఉన్న చోట హక్కు ఎలా నిలుస్తుంది? సంస్కృతంలో ఈ శబ్దానికి పట్టుదల, ఒత్తిడి అనే అర్థాలు ఉన్నాయి. తెలుగు వాడుకలో అది బలవంతమై, ‘గృహ నిర్బంధం’ వంటి పదబంధాలలో చెరకు దగ్గరైంది. ఉర్దూలో ఇదే భావానికి ‘జబ్రీ తాలీం’, ‘లాజ్మీ తాలీం’ అని రెండు మాటలు ఉన్నాయి. మొదటి మాట బలప్రయోగాన్ని, రెండోది ఆవశ్యకతను సూచిస్తుంది. తెలుగు ఈ రెండింటినీ ఒక్క మాటలో ఇమిడ్చింది. ఆ కారణంగానే ‘నిర్బంధ విద్య’ అన్నప్పుడు నిర్బంధం ఎవరిపై అన్న ప్రశ్న తెలుగు పాఠకుడికి సహజంగా ఎదురవుతుంది.

ఈ ప్రశ్నకు హైదరాబాదు నగరంలోని మాసబ్ ట్యాంక్ ఒక అనువైన కేంద్రం. కుతుబ్ షాహీ వంశానికి చెందిన ‘మా సాహెబా’ పేరిట వెలసిన చెరువు వల్ల ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. చెరువు నేడు లేదు, దాని స్థానంలో చాచా నెహ్రూ పార్కు ఉంది. ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే ఐఏఎస్‌ఈ కళాశాల, ప్రభుత్వ పాలిటెక్నిక్, జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఈ పరిసరాలలోనే ఉన్నాయి. ఇక్కడి నుంచి పంజాగుట్ట మీదుగా అమీర్‌పేట వెళితే కోచింగ్ కేంద్రాల వరుసలు కనిపిస్తాయి. చదువుకు ఇంతగా నెలవైన నగరం నూరేళ్లుగా ‘పిల్లలందరికీ బడి’ అనే లక్ష్యాన్ని ఎలా అర్థం చేసుకుందో పరిశీలించడం ఈ వ్యాస విషయం. ప్రాథమిక, ప్రాథమికోన్నత దశలు రెండింటినీ కలిపి ఇక్కడ ‘ప్రాథమిక విద్య’ అని వ్యవహరించడమైనది.

హైదరాబాదు ప్రాంతంలో సార్వత్రిక విద్య వెనకబడడానికి ప్రజలలో చదువుపై ఆసక్తి లేకపోవడం కారణమన్న అభిప్రాయం పాలకవర్గాలలో చాలాకాలం నిలిచింది. చారిత్రక ఆధారాలు దీనికి భిన్నమైన విషయాన్ని చెబుతున్నాయి. ఆసక్తి ప్రతి దశలోనూ ఉంది. లేనిది ఆ ఆసక్తికి బదులు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదే అన్న గుర్తింపు. నిర్బంధాన్ని తల్లిదండ్రుల మీది నుంచి ప్రభుత్వం మీదికి మళ్లించడానికి జరిగిన సుదీర్ఘ ప్రయత్నమే ఈ ప్రాంతపు ప్రాథమిక విద్యా చరిత్ర. ఆ మళ్లింపు నేటికీ సంపూర్ణం కాలేదు.

సంస్థానంలో బడి, భాష

19వ శతాబ్ది మధ్యకాలంలో మొదటి సాలార్‌జంగ్ నెలకొల్పిన దారుల్ ఉలూంతో హైదరాబాదులో ఆధునిక విద్యకు పునాది పడింది. 1880ల దశకంలో అధికార వ్యవహారం పారశీకం నుంచి ఉర్దూకు మారింది. 1917 నాటి ఫర్మానాతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1919లో ఉర్దూ మాధ్యమంలో బోధన ప్రారంభించింది. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ స్థాయి బోధన సాధ్యమేనని దేశంలో మొదట నిరూపించిన ఘనత దానిదే. వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రాల వరకు పారిభాషిక పదజాలం తయారుచేసుకున్న ఆ ప్రయోగాన్ని భాషాభిమానులెవరూ తక్కువ చేయలేరు.

అయితే ఈ ఘనతకు మరో పార్శ్వం ఉంది. సంస్థాన జనాభాలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. ఆ తర్వాతి స్థానాలు మరాఠీ, కన్నడాలవి. ఉర్దూ మాట్లాడేవారు అల్పసంఖ్యాకులు. ప్రాథమిక తరగతులలో స్థానిక భాషలకు కాగితం మీద చోటున్నా, మాధ్యమిక దశకు చేరగానే ఉర్దూ తప్పనిసరి అయ్యేది. తెలుగు పిల్లవాడు రెండు మూడేళ్లు అక్షరాలు దిద్ది, ఇంట ఎవరూ మాట్లాడని భాషలో చదువు సాగించవలసి వచ్చేది. పై మెట్టు ఉర్దూదే అయినప్పుడు కింది మెట్టు తెలుగులో ఉన్నా అది ఎటూ చేర్చని మెట్టే. చదువు మధ్యలో మానేయడానికి కారణాలను కుటుంబాలలోనే వెతికినవారు ఈ నిర్మాణ లోపాన్ని గుర్తించలేదు.

ఇదే కాలంలో నిర్బంధ విద్యపై దేశవ్యాప్తంగా చర్చ నడిచింది. బరోడా సంస్థానంలో మూడో శాయాజీరావు గాయక్వాడ్ 1893లో అమ్రేలీ తాలూకాలో నిర్బంధ ప్రాథమిక విద్యను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 1906లో సంస్థానమంతటికీ విస్తరింపజేశాడు. గోపాలకృష్ణ గోఖలే 1911లో ఇంపీరియల్ శాసనమండలిలో ప్రవేశపెట్టిన బిల్లు 1912లో వీగిపోయింది. ఖర్చు భరించలేమన్నది ప్రభుత్వ వాదన. పిల్లలు బడికి పోతే పొలం పనికి మనుషులు దొరకరన్నది భూస్వాముల భయం. గోఖలే బిల్లులోనూ, ఆంధ్ర జిల్లాలకు వర్తించిన 1920 నాటి మద్రాసు ఎలిమెంటరీ విద్యా చట్టంలోనూ ఒక సామాన్య లక్షణం ఉంది. స్థానిక సంస్థ కోరుకుంటే నిర్బంధం విధించవచ్చు, విధించిన చోట పిల్లవాడిని పంపని తండ్రి జరిమానా కట్టాలి. బడి పెట్టని ప్రభుత్వానికి మాత్రం శిక్ష లేదు. నిర్బంధానికి ఆనాడు ఏర్పడిన దిశ ఇది. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లు ఇదే దిశ కొనసాగింది.

సమాజం పెట్టిన బడులు

హైదరాబాదులో ప్రజలకు చదువుపై ఆసక్తి ఉందని చెప్పడానికి బలమైన సాక్ష్యం ప్రజలే పెట్టుకున్న బడులు. 1901లో సుల్తాన్ బజారు ప్రాంతంలో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం తెలుగు చదువరులకు తొలి ఆశ్రయమైంది. ఆ దశాబ్దంలోనే భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, 1910 నుంచి ఇసామియా బజారు, లింగంపల్లి మొదలైన పేటలలో దళిత బాలబాలికల కోసం బడులు తెరిచారు. క్రమంగా వాటి సంఖ్య పాతిక దాకా పెరిగింది. తరతరాలుగా బడి గడప తొక్కనీయని సమాజంలో, అదీ నగరం నడిబొడ్డున, ఆ వర్గాల నుంచే వచ్చిన ఒక వ్యక్తి పిలుపునకు వందల కుటుంబాలు పిల్లలను పంపాయి. ఆ కుటుంబాలను ఏ చట్టమూ నిర్బంధించలేదు. తర్వాతి కాలంలో ప్రభుత్వం ఈ బడులను తన అధీనంలోకి తీసుకోవడం, బాధ్యత ఎవరిదో ఆలస్యంగానైనా ఒప్పుకోవడమే.

1921 నవంబరులో వివేకవర్ధిని నాటకశాలలో ధోండో కేశవ్ కర్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కార సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఈ ఘటనను భాషాభిమాన చరిత్రగా చెప్పుకోవడం పరిపాటి. విద్యా చరిత్ర దృష్టితో చూస్తే అందులో మరో అర్థం కనిపిస్తుంది. సభలో చదువుకున్నవారి ఎదుటనే చెల్లని భాష, బడిలో పిల్లవాడి నోట ఎలా చెల్లుతుంది? జనసంఘం కార్యక్రమాలలో గ్రంథాలయాలకూ పాఠశాలలకూ ప్రాధాన్యం దక్కడానికి ఇదే హేతువు.

సంస్థాన పాలకులు 1920లలో ఖాంగీ పాఠశాలలపై, అంటే ప్రైవేటు బడులపై, నిబంధనలు విధించారు. ముందస్తు అనుమతి లేకుండా బడి నడపడం నేరమైంది. పల్లెల్లో పంతుళ్లు అరుగుల మీద నడుపుకొనే, జనం నోట ‘కానిగి బడులు’గా పలికే చిన్న చిన్న బడులు పెద్ద సంఖ్యలో మూతపడ్డాయి. మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ గ్రంథం ఈ కాలానికి ముఖ్యమైన ఆధారం. తాను బడి పెట్టకపోవడమే కాక, జనం పెట్టుకున్న బడిని మూయించే స్థితికి ప్రభుత్వం చేరింది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ వేదికలపై మాతృభాషలో ప్రాథమిక విద్య, ఖాంగీ బడులపై ఆంక్షల తొలగింపు అన్న రెండు కోర్కెలు పదేపదే వినిపించడం గమనార్హం. విద్య కోసం ప్రజలు ప్రభుత్వాన్ని నిర్బంధించడానికి చేసిన తొలి సంఘటిత ప్రయత్నంగా దీన్ని గుర్తించాలి.

1928లో మాడపాటి చొరవతో నారాయణగూడలో తెలుగు మాధ్యమ బాలికల పాఠశాల ఏర్పడింది. ఉర్దూ మాధ్యమాన్నే గుర్తించే ఉస్మానియా వ్యవస్థలో దానికి చోటు దొరకలేదు. చివరకు పూనాలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయపు గుర్తింపుతో ఆ బాలికలు తెలుగులో పరీక్షలు రాశారు. ఏడేళ్ల క్రితం తెలుగు మాట అవమానం పాలైన సభకు అధ్యక్షుడైన కర్వే సంస్థే తెలుగు బాలికల చదువుకు ఆధారమైంది. సొంత ఊరిలో సొంత భాషలో చదవడానికి పరాయి ప్రాంతపు విశ్వవిద్యాలయం అనుమతించవలసి రావడం ఆనాటి విద్యావ్యవస్థ స్వరూపాన్ని తేటతెల్లం చేస్తుంది.

జీతగాడి కొడుకు

నగరంలో అడ్డంకి భాషదైతే పల్లెలో అది శ్రమది. తెలంగాణ పల్లెల్లో వెట్టి, భగేలా వ్యవస్థలు తరతరాల బాకీని శ్రమతో తీర్పించేవి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు దొర ఇంట ‘జీతం ఉండటం’ మామూలు వ్యవహారం. ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి పశువుల కొట్టంతో మొదలయ్యే ఈ జీతం నాగలి పట్టే వయసు దాకా సాగేది. ‘జీతం’ అన్న మాటకు నగరంలో నెలవారీ ఆదాయమని అర్థం, పల్లెలో అది కట్టుబాటు. ఆ పిల్లవాడు అప్పటికే ఒక నిర్బంధంలో ఉన్నాడు. అతడిని దాని నుంచి విడిపించకుండా బడి నిర్బంధాన్ని అదనంగా తెచ్చిపెట్టడం అసాధ్యం.

సంస్థాన ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ నిబంధన తెచ్చినా అది పల్లెలలో బలంగా అమలు కాలేదు. దాన్ని విద్యా సంస్కరణగా ఎవరూ భావించలేదు. శ్రమ ఒక శాఖ విషయం, విద్య మరో శాఖ విషయం. స్వాతంత్ర్యానంతరం కూడా ఈ విభజన మారలేదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1986లో బాల కార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టం వచ్చాయి. రెండోది ప్రమాదకరమని పేర్కొన్న పనులనే నిషేధించి మిగిలినవాటిని క్రమబద్ధం చేయాలంది. పొలం పని, ఇంటి పని, పశువుల కాపలా దాని పరిధిలోకి రాలేదు. తెలుగు నేలలో బాల కార్మికులు అత్యధికంగా ఉన్నది ఆ పనులలోనే. 1991 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసే బాలల సంఖ్య 16 లక్షలు దాటింది. ఈ విషయంలో దేశంలో మొదటి స్థానం ఆ రాష్ట్రానిదే.

జరుగుతూ వచ్చిన గడువులు

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 45వ అధికరణంలో పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను పదేళ్లలో అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని ఆదేశించింది. ఆదేశిక సూత్రాలలో గడువు పేర్కొన్న అధికరణం ఇదొక్కటే. ఆ గడువు 1960తో ముగిసింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఐదేళ్ల విద్యను 1975–76 నాటికి, ఏడేళ్ల విద్యను 1985–86 నాటికి అందరికీ అందించాలని సూచించింది. 1986 జాతీయ విద్యా విధానం ఆ గడువులను 1990, 1995 సంవత్సరాలకు జరిపింది. 1992 సవరణ 21వ శతాబ్ది ప్రవేశం లోపు అంది. సర్వశిక్షా అభియాన్ ఎనిమిదేళ్ల విద్యకు 2010ని గడువుగా పెట్టుకుంది. గడువు తప్పిన ప్రతిసారీ కొత్త గడువు వచ్చిందే తప్ప, తప్పినందుకు సంజాయిషీ ఇచ్చుకోవలసినవారు ఎవరన్నది తేలలేదు.

1951 నాటికి హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యత పది శాతానికి అటూ ఇటూగా ఉంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేసరికి మద్రాసు, హైదరాబాదు అనే రెండు భిన్న విద్యా వారసత్వాలు ఒక్కటయ్యాయి. 1991లో రాష్ట్ర అక్షరాస్యత 44.09 శాతం, దేశ సగటు 52.21 శాతం. మహిళలలో అది 32.72 శాతమే. 2011 నాటికి రాష్ట్రం 67.02 శాతానికి చేరినా దేశ సగటును అందుకోలేదు. అదే జనగణనలో హైదరాబాదు జిల్లా 83.25 శాతంతో ముందుండగా, మహబూబ్‌నగర్ జిల్లా 55.04 శాతం దగ్గర నిలిచింది. ఈ రెండు జిల్లాల మధ్య దూరం బస్సులో రెండు మూడు గంటలు. అక్షరాలలో అది కనీసం ఒక తరం.

ప్రయత్నాలు జరగలేదని అనడం న్యాయం కాదు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రారంభమైన గురుకుల పాఠశాల ప్రతిభ గల గ్రామీణ పేద విద్యార్థులకు గొప్ప అవకాశమైంది. 1980లలో బ్రిటన్ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను, కృత్యాధార బోధనను పరిచయం చేసింది. ‘నల్లబల్ల పథకం’ ఏకోపాధ్యాయ పాఠశాలలకు రెండో ఉపాధ్యాయుడిని ఇవ్వాలని సంకల్పించింది. మాసబ్ ట్యాంక్‌లో ఉన్నటువంటి ఐఏఎస్‌ఈలు, జిల్లాలలోని డైట్‌లు 1986 విధానం తర్వాత ఉపాధ్యాయ విద్యను పునర్వ్యవస్థీకరించే క్రమంలో రూపొందినవే. అయితే గురుకులం ఎంపిక చేసుకున్న కొందరిది. మిగిలినవారికి అదే విధానం అనియత విద్యను, అంటే పగలంతా పనిచేసిన పిల్లవాడికి సాయంత్రం రెండు గంటల చదువును సూచించింది. పని మానదని ముందే ఒప్పుకొని చదువును దాని చుట్టూ సర్దడమే దీని అంతరార్థం. 1991లో వెలువడిన తన గ్రంథంలో మైరన్ వీనర్ భారతదేశంలో నిర్బంధ విద్య అమలు కాకపోవడానికి పేదరికం కన్నా, పేదల పిల్లలు పనికే పుట్టారన్న విద్యావంతుల నమ్మకమే ముఖ్య కారణమని వాదించాడు. అనియత విద్యా కేంద్రాల చరిత్ర ఆ వాదానికి బలం చేకూరుస్తుంది.

నిర్బంధం దిశ మారిన రెండు దశాబ్దాలు

1991 నుంచి 2010 దాకా గల కాలంలో ఈ ఆలోచన తలకిందులైంది. దానికి దోహదం చేసిన రెండు ముఖ్య ఘట్టాలూ తెలుగు నేలకు సంబంధించినవే.

మొదటిది రంగారెడ్డి జిల్లా పల్లెలలో జరిగింది. చరిత్ర, రాజనీతి పండితుడు మామిడిపూడి వెంకటరంగయ్య స్మృత్యర్థం 1981లో ఏర్పడిన సంస్థ, ఆయన మనుమరాలు, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆచార్యులు శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి బాల కార్మికుల విషయంలో కృషి ప్రారంభించింది. బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాల కార్మికుడేనన్నది దాని మౌలిక సూత్రం. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అన్న విభజనను అది తిరస్కరించింది. ఇంట్లో చెల్లెలిని ఎత్తుకొని ఉండిపోయే ఆడపిల్ల కూడా ఈ నిర్వచనంలోకి వచ్చింది. పని మానిన పిల్లలను కొన్ని నెలల పాటు శిబిరాలలో ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి బడిలో చేర్చే ‘వారధి’ పద్ధతి అక్కడ రూపుదిద్దుకుంది. ఈ కృషిలో తేలిన ముఖ్య విషయం తల్లిదండ్రుల గురించినది. నిరుపేదలు సైతం పిల్లలను పంపడానికి సిద్ధపడ్డారు. వారిని ఆపినవి పుట్టిన తేదీ పత్రం, బదిలీ ధ్రువపత్రం, ప్రవేశాల గడువు, వయసు మీరిందన్న తిరస్కారం. అవరోధం ఇంటి గడప దగ్గర కన్నా బడి గేటు దగ్గరే ఎక్కువగా ఉందని ఆ అనుభవం చూపింది. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

రెండో ఘట్టం సుప్రీంకోర్టులో జరిగింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పద్నాలుగేళ్ల వరకు ఉచిత విద్య పొందడం జీవించే హక్కులో భాగమని తీర్పునిచ్చింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారు. ఈ కేసు మూలం ప్రాథమిక విద్య కాదు, ప్రైవేటు వైద్య, ఇంజనీరింగు కళాశాలల్లో క్యాపిటేషన్ ఫీజుల వివాదం. బడి లేని బిడ్డ తరఫున ఎవరూ కోర్టు మెట్లెక్కలేదు. కళాశాల సీటు కోసం జరిగిన పోరాటంలో, తర్కం కిందికి దిగుతూ వచ్చి, ఒకటో తరగతి దగ్గర ఆగింది. భారత విద్యా వ్యవస్థలో ఎవరి గొంతు వినిపిస్తుందో, ఎవరి హక్కు పరోక్షంగా మాత్రమే వెలుగులోకి వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

2002లో 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చి ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కు చేసింది. దాని అమలుకు వచ్చిన 2009 చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. ఇందులోని 8వ సెక్షన్ ‘నిర్బంధ విద్య’ అన్న మాటను నిర్వచించింది. ప్రతి బిడ్డకూ ఉచిత విద్య అందించడం, ప్రవేశం, హాజరు, పూర్తి అయ్యేలా చూడడం ప్రభుత్వ బాధ్యత అన్నదే ఆ నిర్వచన సారం. తల్లిదండ్రుల కర్తవ్యాన్ని 10వ సెక్షన్ పేర్కొంటుంది, కానీ వారికి శిక్ష విధించదు. వయసు ధ్రువపత్రం లేదని, బదిలీ పత్రం రాలేదని ప్రవేశం నిరాకరించరాదని చట్టం స్పష్టం చేసింది. గోఖలే బిల్లులో తండ్రి మీద ఉన్న నిర్బంధం 98 సంవత్సరాల తర్వాత ప్రభుత్వం మీదికి వచ్చింది. తెలుగు మాట మారలేదు, దాని కర్త, కర్మలు స్థానాలు మార్చుకున్నాయి.

వర్తమానం: నగరంలో కొత్త అవరోధాలు

చట్టంలో వచ్చిన మార్పు ఆచరణలో ఎంతవరకు వచ్చిందన్నది మాసబ్ ట్యాంక్ వంటి నగర ప్రాంతంలో పరీక్షించవలసిన విషయం. ఇక్కడ బడి దూరం సమస్య కాదు. సమస్యలు మరో మూడు.

మొదటిది వలస. అక్షరాస్యతలో అట్టడుగున ఉన్న పాలమూరు పల్లెల నుంచే నగర నిర్మాణానికి కూలీలు వస్తారు. పాఠశాల లెక్కలు ఊరిని ఆధారం చేసుకొని ఉంటాయి. ఊరి రిజిస్టరులో పేరున్న పిల్లవాడు ఆరు నెలలు నగరంలో కట్టడం దగ్గర గుడిసెలో ఉంటే, అతడు రెండు చోట్లా లెక్కకు అందడు. అక్షరాస్యత ఎక్కువున్న జిల్లాలో అక్షరానికి దూరమైన బాల్యం ఈ విధంగా కనుమరుగవుతుంది. బాల కార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలతో ఏ పనీ చేయించరాదని చెబుతూనే, బడి వేళల తర్వాత కుటుంబ వృత్తిలో సాయపడడాన్ని మినహాయించింది. అనియత విద్య వెనుక ఉన్న పాత భావన ఈ మినహాయింపులో మళ్లీ ప్రవేశించింది.

రెండోది భాష. చరిత్ర ఇక్కడ తిరగబడింది. ఒకప్పుడు తెలుగును తోసిరాజన్న ఉర్దూ నేడు అల్పసంఖ్యాకుల మాతృభాషగా 350ఎ అధికరణం రక్షణలో ఉంది. మాసబ్ ట్యాంక్, మెహదీపట్నం పరిసరాలలో ఉర్దూ ఇంటి భాషగా గల పిల్లలు తక్కువేమీ కాదు. నూరేళ్ల కిందట తెలుగు పిల్లవాడు పడిన ఇబ్బందిని ఈనాటి ఉర్దూ పిల్లవాడి స్థితిలో గుర్తించగలగడం చరిత్ర నేర్పవలసిన పాఠం. తెలుగు, ఉర్దూ రెండింటినీ దాటి ఇప్పుడు ఆంగ్ల మాధ్యమం ముందుకొచ్చింది. తెలంగాణ 2018లో అన్ని పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ చట్టం చేసి, 2022–23 నుంచి ప్రభుత్వ బడులలో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టింది. సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలని 2009 చట్టంలోని 29వ సెక్షన్ చెబుతుంది. ఉస్మానియా కాలంలో లాగే పై మెట్టు ఏ భాషలో ఉందో కింది మెట్టు ఆ భాష వైపే జరుగుతోంది. పై మెట్టును మార్చకుండా కింది మెట్టులో మాతృభాషను నిలపలేమన్న సత్యాన్ని 1920ల అనుభవమే చెప్పింది.

మూడోది బాధ్యత మళ్లీ చేతులు మారడం. హైదరాబాదు పిల్లలలో అధిక సంఖ్యాకులు ప్రైవేటు పాఠశాలల్లో చదువుతున్నారు. ప్రభుత్వ బడిలో సంఖ్య తగ్గితే దాన్ని పక్క బడిలో కలిపే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సాగింది. ప్రైవేటు బడుల్లో బలహీన వర్గాలకు 25 శాతం సీట్లు కేటాయించే నిబంధన తెలంగాణలో ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతులలో విద్యార్థిని నిలిపివేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. బడి నేర్పలేకపోయినప్పుడు ఏడాది కోల్పోయేది విద్యార్థే. ఫీజు రూపంలో తల్లిదండ్రులపై, పరీక్ష రూపంలో పిల్లలపై నిర్బంధం నెమ్మదిగా తిరిగి వచ్చి చేరుతున్నది. ఏటా జూన్‌లో ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరిగి నిర్వహించే ‘బడిబాట’ ప్రశంసనీయమే. అయితే పిల్లలను బడికి పిలవడం జరిగినంతగా, ఆ బడిలో తగినంతమంది ఉపాధ్యాయులు ఉన్నారా అని ప్రభుత్వాన్ని ప్రశ్నించడం జరగడం లేదు.

ముగింపు

హైదరాబాదు ప్రాంతపు అనుభవం నుంచి మూడు అంశాలు నిర్ధారణ అవుతున్నాయి. ఇసామియా బజారు బడి నుంచి రంగారెడ్డి శిబిరాల దాకా ప్రజల ఆసక్తికి కొరత ఎన్నడూ లేదు. బడి ఉన్నంత మాత్రాన విద్య సార్వత్రికం కాదు, బడి భాష, బిడ్డ శ్రమ అన్న రెండు ప్రశ్నలకు దానితో పాటే సమాధానం కావాలి. ఈ మూడింటినీ మూడు శాఖలకు పంచి విడివిడిగా పరిష్కరించబోయిన ప్రతిసారీ గడువు తప్పింది.

తెలుగు పరిశోధకులకు ఇందులో ప్రత్యేకమైన పని ఉంది. ఖాంగీ బడుల పంతుళ్లు, ఆది హిందూ పాఠశాలల తొలి విద్యార్థులు, నారాయణగూడ బాలికలు, వారధి శిబిరాల పిల్లలు తమ చదువును గురించి ఏ మాటలలో చెప్పుకున్నారన్నది ఆత్మకథలలో, పత్రికలలో, మౌఖిక కథనాలలో చెదిరి ఉంది. విద్యా చరిత్రను ఇంతవరకు ఫర్మానాలు, నివేదికలు, తీర్పుల ఆధారంగానే ఎక్కువగా రాయడం జరిగింది. చదువుకున్నవారి, చదువుకు నోచుకోనివారి మాటలు చేరితే తప్ప ‘నిర్బంధం’ అన్న పదానికి సంపూర్ణమైన అర్థచరిత్ర సిద్ధించదు. మాసబ్ ట్యాంక్‌లో నీరు పోయినా పేరు మిగిలింది. సార్వత్రిక విద్య విషయంలో పేరు చట్టంలో నిలిచింది. దానికి తగిన వాస్తవం ఏర్పడే దాకా నిర్బంధం ఎవరిపై అన్న ప్రశ్నను విడిచిపెట్టరాదు.